నిలువురాళ్ళు చూడబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పొలం మధ్యలోనో గుట్ట మీదో నిలబడి ఉన్న ఒక రాయిని చూడటానికి పనిగట్టుకుని వెళ్తున్నామంటే పక్కవాళ్ళు తేరిపార చూస్తారు. "రాయినా? రాయిని చూడటానికా?" అంటారు. ఒకసారి వెళ్ళొచ్చినవాళ్ళలో కూడా సగం మంది అదే అంటారు. పది నిమిషాల్లో చూడటం అయిపోయింది, ఇంకేం చూడాలో తెలియలేదు అని. ఈ ప్రశ్నలన్నీ అలా వెళ్ళొచ్చినవాళ్ళూ, వెళ్ళబోయేవాళ్ళూ అడిగినవే.

నిలువురాయి అంటే ఏది? మామూలు బండకీ దీనికీ తేడా ఏమిటి?

బండలు మామూలుగా పడుకుని ఉంటాయి. పొడుగాటి రాయి దొర్లితే పక్కకి వాలి స్థిరపడుతుంది గానీ కొస మీద నిలబడదు. అలా నిలబడి, మొదలు నేలలో పాతుకుని ఉందంటే ఎవరో గుంట తవ్వి నిలబెట్టారన్నమాట. అలా ఒంటిగా నిలిపిన రాయిని ప్రపంచమంతటా మెన్‌హిర్ అంటున్నారు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు భాషలో మెన్ అంటే రాయి, హిర్ అంటే పొడుగు. మనం నిలువురాయి అన్నా అచ్చం అదే అర్థం.

ఇవి ఒంటిగానే ఉండాలని లేదు. గుండ్రంగా పేర్చితే రాతి వలయం, బారులు తీర్చితే వరుస. నిలువు రాళ్ళ మీద అడ్డంగా పెద్ద బండ కప్పితే అది డాల్మెన్. దక్కను పల్లెల్లో రాకాసి గుళ్ళు అని పిలిచేవాటిలో ఈ రకం సమాధులు చాలా ఉన్నాయి. అంత బండను మనుషులు ఎత్తి ఉండరు, రాక్షసులే కట్టి ఉంటారని ఆ పేరు. అన్నిటినీ కలిపి బృహత్ శిలలు అంటారు.

ఎంత పాతవి?

ఒక్క కాలానివి కావు. చాలామంది "రాతియుగం" అని ఒక్కమాటలో తేల్చేస్తారు, అది తప్పు. బ్రిటనీలో లోక్‌మరియాకేర్ దగ్గర ముక్కలై పడి ఉన్న 20 మీటర్ల రాయిని నిలబెట్టి దాదాపు 6,700 ఏళ్ళయింది. ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ అనే రాతి వలయంలో పెద్ద రాళ్ళు క్రీ.పూ. 2500 ప్రాంతానివి. దక్షిణ భారతంలో ఎక్కువ భాగం ఇనుము వాడకం వచ్చాకనే లేచాయి. సెనెగల్, గాంబియాల్లోని రాతి వలయాలను క్రీ.పూ. 3వ శతాబ్దం నుంచి క్రీ.శ. 16వ శతాబ్దం దాకా కడుతూనే ఉన్నారు. మేఘాలయలోని నార్తియాంగ్ రాళ్ళయితే గత కొన్ని శతాబ్దాలవే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రాయి వయసు వేరు, దాన్ని నిలబెట్టిన వయసు వేరు. రాయి కోట్ల ఏళ్ళనాటిది. దాన్ని ఎప్పుడు నిలబెట్టారో రాయి చెప్పదు, దాని కింది గుంట చెబుతుంది. గుంటలో దొరికే బొగ్గు, ఎముక, గుంట తవ్వడానికి వాడిన దుప్పి కొమ్ము, వీటికి కార్బన్ పరీక్ష చేసి కాలం లెక్కగడతారు. అందుకే తవ్వకం జరగని రాయికి ఎవరైనా ఖచ్చితమైన తేదీ చెప్తే కొంచెం అనుమానించండి.

ఎందుకు నిలబెట్టారు?

ఈ ప్రశ్నకు ఒక్క జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. స్తంభాలన్నీ ఒకే పనికి పాతుతామా? కరెంటు స్తంభం, జెండా స్తంభం, ధ్వజస్తంభం మూడూ నిలువు కర్రలే. నాలుగు వేల ఏళ్ళ తరవాత తవ్వేవాడికి మూడు గుంటలు దొరుకుతాయి, అంతే.

కట్టినవాళ్ళ సంతతి ఇంకా చెప్పగలిగిన చోట్ల మాత్రం కొంత తెలుసు. మేఘాలయలో ఖాసీ, జైంతియా కొండల్లో నిలువు రాళ్ళు మగవాళ్ళ పేరిట, వాటి ముందు పరిచిన బల్లపరుపు రాళ్ళు ఆడవాళ్ళ పేరిట. పూర్వీకుల జ్ఞాపకం. ఇథియోపియాలోని తియా రాళ్ళ మీద కత్తుల బొమ్మలు చెక్కి ఉన్నాయి, కింద సమాధులున్నాయి.

స్టోన్‌హెంజ్ విషయంలో నాకు నచ్చిన వాదన మడగాస్కర్ నుంచి వచ్చింది. అక్కడి పురావస్తు శాస్త్రవేత్త రమిలిసోనినాను బ్రిటిష్ పరిశోధకుడు మైక్ పార్కర్ పియర్సన్ ఇంగ్లండ్‌కి తీసుకెళ్ళి రాళ్ళు చూపించాడు. ఇందులో తికమక ఏముంది, మా దగ్గర కర్ర బతికున్నవాళ్ళకి, రాయి చనిపోయినవాళ్ళకి కదా అన్నాడాయన. 1998లో ఇద్దరూ కలిసి ఆ వాదనను ప్రచురించారు. స్టోన్‌హెంజ్‌లో దహనం చేసిన ఎముకలు చాలా దొరికాయి. దానికి మూడు కిలోమీటర్ల దూరంలోని డరింగ్టన్ వాల్స్‌లో కర్ర స్తంభాల వలయాలు, మనుషులు నివసించిన ఇళ్ళు బయటపడ్డాయి. అందరూ ఒప్పుకున్నారని కాదు. కానీ వందల ఏళ్ళు పండితులు బుర్ర బద్దలుకొట్టుకున్న చోట, రాళ్ళు నిలబెట్టే సమాజం నుంచి వచ్చిన మనిషి మొదటి చూపులోనే అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

స్టోన్‌హెంజ్‌ని డ్రూయిడ్‌లు అనే పాతకాలపు బ్రిటన్ పూజారులు కట్టారన్న మాట మీరు వినే ఉంటారు. డ్రూయిడ్‌ల ప్రస్తావన మొదలయ్యేసరికే స్టోన్‌హెంజ్‌కి రెండు వేల ఏళ్ళు దాటాయి. ఆ ముడి 17, 18 శతాబ్దాల్లో పడింది.

అంత బరువు ఎలా ఎత్తారు?

మోకులు, దుంగలు, మనుషులు, ఓపిక. ఇంతకంటే వింత సామాను ఏదీ అక్కర్లేదు. 1979లో ఫ్రాన్స్‌లోని బూగోన్ దగ్గర 32 టన్నుల దిమ్మను దుంగల మీద పెట్టి సుమారు 200 మంది లాగి, మీటలతో నెట్టి కదిలించి చూపించారు.

నిలబెట్టడం ఇలా అయి ఉండాలి. ముందు గుంట తవ్వుతారు. దానికి ఒక వైపు గోడ నిట్టనిలువుగా, రెండో వైపు వాలుగా ఉంటుంది. రాయిని వాలు వైపు నుంచి లాక్కొచ్చి మొదలు గుంటలోకి జారేలా చేస్తారు. జారగానే రాయి సగం లేస్తుంది. మిగతా సగం మోకులతో లాగుతూ, కింద దుంగలు పేర్చుకుంటూ వస్తారు. నిలువుగా లేచాక చుట్టూ రాళ్ళూ మట్టీ దట్టంగా కూరతారు. తవ్వకాల్లో ఈ వాలు గుంటలు, కూరిన రాళ్ళు కనిపిస్తాయి కాబట్టే ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాం.

మీరు చూస్తున్నది రాయి మొత్తం కాదని గుర్తుంచుకోండి. స్టోన్‌హెంజ్‌లో అన్నిటికన్నా ఎత్తైన రాయి పైకి దాదాపు 7 మీటర్లుంటే, నేలలో మరో 2.4 మీటర్లుంది.

నన్ను ఆశ్చర్యపరిచేది ఎత్తడం కన్నా మోసుకురావడం. స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ళు 25 కిలోమీటర్ల దూరం నుంచే వచ్చాయని 2020లో తేల్చారు. కానీ చిన్నవైన నీలిరాళ్ళు వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుంచి, అంటే 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చాయి. మధ్యలో పడి ఉన్న ఆల్టర్ స్టోన్ అనే ఆరు టన్నుల రాయి ఈశాన్య స్కాట్లండ్‌ది అని 2024లో బయటపడింది. సుమారు 750 కిలోమీటర్లు! దారిలో పనికొచ్చే రాయి దొరకక కాదు. ఆ రాయే కావాలి. ఎందుకు కావాలో మనకు ఎవరూ చెప్పి పోలేదు.

ఏ వేళకి వెళ్తే బాగుంటుంది?

పొద్దున్నే, లేకపోతే సాయంత్రం. మధ్యాహ్నం మాత్రం వద్దు. నేను మొదటిసారి నడినెత్తిన ఎండలో వెళ్ళాను. రాళ్ళన్నీ అట్టముక్కల్లా చదునుగా కనిపించాయి, నిరాశపడి వెనక్కి తిరిగాను. మళ్ళీ ఓ సాయంత్రం అదే చోటికి వెళ్తే అవి వేరే రాళ్ళేమో అనిపించింది. ఏటవాలు వెలుతురు రాయి మీద ఉన్న ప్రతి గీతకీ గుంటకీ నీడ పుట్టిస్తుంది.

ఇది అందం కోసం చెప్తున్న మాట కాదు. 1953లో రిచర్డ్ అట్కిన్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త స్టోన్‌హెంజ్‌లో పాత కాలపు చెక్కుడు రాతల్ని ఫోటో తీయడానికి ఏటవాలు ఎండ కోసం సాయంత్రం దాకా ఆగాడు. కెమెరాలోంచి చూస్తుంటే పక్కనే ఒక బాకు బొమ్మ, గొడ్డలి బొమ్మలు కనబడ్డాయి. అప్పటికి వందల ఏళ్ళుగా పండితులు ఆ రాయి చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, ఎవరి కంటా పడలేదు. ఆ తరవాత లేజర్ స్కానింగ్‌లో ఇంకా డజన్ల కొద్దీ గొడ్డళ్ళు బయటపడ్డాయి.

ఎండ లేని రోజయితే టార్చిలైటు పక్క నుంచి పట్టుకుని చూడండి, అదే పని చేస్తుంది. గడ్డి ఏపుగా పెరిగే కాలంలో చిన్న రాళ్ళు కనిపించవు, గడ్డి ఎండిన కాలమే నయం. వాన కురిసి వెలిసిన వెంటనే వెళ్ళగలిగితే రాయి అసలు రంగు తెలుస్తుంది. ఎండినప్పుడు అంతా బూడిదరంగే.

వెళ్ళాక ఏం చూడాలి? అక్కడ రాయి తప్ప ఏమీ లేదు కదా?

అసలు ప్రశ్న ఇదే. రాయిని చూడటానికి వెళ్ళి రాయిని మాత్రమే చూస్తే పది నిమిషాలే పడుతుంది. రాయిని నిలబెట్టినవాళ్ళు ముందు చోటుని ఎంచుకున్నారు. మీరు కూడా ముందు చోటుని చూడండి.

దూరం నుంచే మొదలుపెట్టండి. బండిని రాయి పక్కదాకా తీసుకెళ్ళే వీలున్నా తీసుకెళ్ళకండి. కనీసం అర కిలోమీటరు నడవండి. రాయి ఎక్కడ మొదట కనిపించింది? కనిపించి మళ్ళీ మాయమైందా? గుట్ట నెత్తిమీద కాకుండా కొంచెం కిందికి ఉందా? అలా ఉంటే కింది నుంచి వచ్చేవాళ్ళకు ఆకాశం అంచున నిలబడినట్టు కనిపిస్తుంది. ఆ కింద ఒక వాగో, పాత దారో ఉండే ఉంటుంది.

దగ్గరికి వచ్చాక రాయికి వీపు పెట్టి నిలబడండి. ఎదురుగా ఏముంది? ఏ కొండ సందు? నీరు ఎటు? ఇంగ్లండ్ ఉత్తరాన కాసిల్‌రిగ్ వలయంలో నిలబడితే చుట్టూ కొండలు గోడ కట్టినట్టుంటాయి. రాళ్ళ వలయానికి బయట కొండల వలయం. ఆ రాళ్ళలో చాలా వాటిది మనిషెత్తే, పోల్చి చూస్తే చిన్నవే. ఫోటోలో చూసి ఇంతేనా అనుకున్నవాళ్ళు అక్కడికి వెళ్ళి నోరు తెరుస్తారు. స్కాట్లండ్ దీవి లూయిస్‌లోని కలనాయిష్‌లో రాళ్ళు సన్నగా, పొడుగ్గా, చారలతో ఉంటాయి. ఆ చారలు ఆ దీవి నేలవే. నైస్ అనే చాలా పాత శిల అది. దీవంతా నడిచి చూశాక ఆ రాళ్ళు ఎక్కడి నుంచో వచ్చినట్టు కాకుండా అక్కడే మొలిచినట్టు అనిపిస్తాయి.

తరవాత రాయి. చుట్టూ తిరగండి, అన్ని వైపులా. ఒక వైపు చదునుగా, రెండో వైపు గరుకుగా ఉంటే ఏ వైపు లోపలికి తిప్పారో చూడండి. స్కాట్లండ్‌లోని ఆరాన్ దీవిలో మాక్రీ మూర్ అనే చోట ఒక వలయంలో ఎత్తైన ఎర్ర ఇసుకరాయి పలకలున్నాయి, కాస్త దూరంలో ఇంకో వలయంలో పొట్టి గ్రానైటు గుండ్లు. రెండూ దొరికే చోట ఇక్కడ ఇది, అక్కడ అది అని ఎవరో తేల్చుకున్నారు. మొదలు దగ్గర వంగి చూడండి, కూరిన రాళ్ళు బయటపడి ఉండొచ్చు. పశువులు ఒళ్ళు రుద్దుకుని నున్నగా చేసిన భాగం కూడా చూడండి. అదీ రాయి చరిత్రలో భాగమే.

చివరగా ఖాళీలు. వలయంలో ఒక చోట రాయి లేదంటే పడిపోయిందా, పగలగొట్టారా, మొదటి నుంచీ ద్వారమా? ఇంగ్లండ్‌లోని ఏవ్‌బరీ వలయంలో ఒకప్పుడు 100 దాకా రాళ్ళుండేవి. మధ్యయుగాల్లో కొన్నిటిని గోతులు తీసి పూడ్చారు. 17, 18 శతాబ్దాల్లో మంటపెట్టి, వేడెక్కాక నీళ్ళు పోసి పగలగొట్టి ఇళ్ళ గోడల్లో వాడుకున్నారు. 1930లలో అలెగ్జాండర్ కీలర్ అనే పురావస్తు పరిశోధకుడు పూడ్చినవాటిని తీసి మళ్ళీ నిలబెట్టించాడు. దొరకని వాటి స్థానంలో కాంక్రీటు దిమ్మలు పెట్టించాడు. ఆ దిమ్మలు అంద వికారంగా ఉంటాయి, అయినా అవే నాకు ఎక్కువ నచ్చాయి. లేనిదాన్ని ఉన్నట్టు నటించవు.

సూర్యుడికీ చంద్రుడికీ ఎదురుగా పెట్టారంటారు. నిజమా?

కొన్ని చోట్ల నిజం, చాలా చోట్ల ఊహ. స్టోన్‌హెంజ్ నడిమి గీత జూన్ అయనాంతపు (అన్నిటికన్నా పొడుగైన పగటి) సూర్యోదయానికీ, వెనక్కి తిరిగితే డిసెంబరు అయనాంతపు (అన్నిటికన్నా పొట్టి పగటి) సూర్యాస్తమయానికీ సూటిగా ఉంది. ఎవరూ కాదనరు. కలనాయిష్‌లో 18.6 ఏళ్ళకోసారి చంద్రుడు దక్షిణాన కొండల అంచున దొర్లుతున్నట్టు కిందికి పాకుతాడు. తెలంగాణలో కృష్ణా నది ఒడ్డున ముడుమాల్ దగ్గర పది అడుగులు దాటిన నిలువురాళ్ళు 80 దాకా ఉన్నాయి, చిన్న గుండ్ల వరుసలు ఇంకా ఎన్నో. అక్కడ ఒక రాయి మీద తొలిచిన చిన్న గుంటల్ని పరిశోధకులు సప్తర్షి మండలంగా గుర్తించారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది.

అయితే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ముప్ఫై రాళ్ళుంటే వాటిలో ఏ రెండింటినీ కలిపినా ఒక గీత వస్తుంది. అలాంటి గీతలు 435. ఆకాశంలో సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు ఉదయించే, అస్తమించే చోట్లు బోలెడు. ఏదో ఒకటి ఏదో ఒకదానికి తగలకుండా ఎలా ఉంటుంది? స్కాట్లండ్ ఇంజనీరు అలెగ్జాండర్ థామ్ వందల వలయాలు ఓపిగ్గా కొలిచి, అందరూ 0.829 మీటర్ల ఒకే కొలబద్ద వాడారని వాదించాడు. ఆయన కొలతలు నేటికీ గొప్పవే. కొలబద్ద సిద్ధాంతాన్ని మాత్రం ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు. మనుషుల అడుగులతో కొలిచినా దాదాపు అదే వస్తుంది మరి.

రాయిలో శక్తి ఉంటుందా? నాకు చేతులు జివ్వుమన్నాయి.

కొలిచి చూపించిన శక్తి ఏదీ లేదు. చలిగాలిలో కొండెక్కి, ఎండకి వేడెక్కిన రాయికి అరచేతులు ఆనిస్తే జివ్వుమనడం సహజం. అలాగని ఎగతాళి చేయను. అంత పాత చోట ఒళ్ళు జలదరించడానికి రాయిలో కరెంటు ఉండాల్సిన పని లేదు.

ముట్టుకోవచ్చా? ఎక్కొచ్చా?

ముట్టుకోవడం చోటుని బట్టి. ఏవ్‌బరీలో గొర్రెలతో పాటు మీరూ రాళ్ళ మధ్య తిరగొచ్చు, చెయ్యి వేయొచ్చు. స్టోన్‌హెంజ్‌లో మామూలు వేళల్లో తాడు అవతల నుంచే చూడాలి. బ్రిటనీలోని కార్నాక్‌లో మూడు వేలకు పైగా రాళ్ళు బారులు తీరి ఉన్నాయి. జనం అడుగులకు గడ్డి పోయి, మట్టి కొట్టుకుపోయి, రాళ్ళ మొదళ్ళు బయటపడటంతో 1990లలో కంచె వేశారు. రాయిని పడగొట్టేది చెయ్యి కాదు, కాలు. అందుకే అడ్డదారులు తొక్కకండి, నేల తడిగా ఉంటే రాయి మొదలు దగ్గర నిలబడకండి.

ఎక్కడం మాత్రం ఎక్కడా వద్దు. చెక్కడం, రంగు పూయడం, బొమ్మ స్పష్టంగా కనిపించాలని సుద్దతో గీయడం కూడా వద్దు. రాయి మీద బూడిద, పసుపు, నారింజ రంగు మచ్చలు లైకెన్ అనే జీవులు. కొన్ని ఏడాదికి మిల్లీమీటరు కూడా పెరగవు. అరచేయి వెడల్పు మచ్చకి వందేళ్ళు దాటి ఉండొచ్చు. మురికి అనుకుని గోకినవాళ్ళు ఉన్నారు.

దీపాలు, కొవ్వొత్తులు మొదళ్ళలో పెట్టకండి. ఏవ్‌బరీ రాళ్ళను పగలగొట్టింది నిప్పుతోనే అని పైన చెప్పాను కదా, చిన్న మంట చిన్న పెచ్చుని ఊడగొడుతుంది. ఇప్పటికీ పూజలందుకుంటున్న రాయి అయితే అక్కడివాళ్ళ పద్ధతే పద్ధతి. వాళ్ళని అడిగి నడుచుకోండి, చెప్పులు ఎక్కడ విడవాలో కూడా.

రాళ్ళు లెక్కపెడితే ప్రతిసారీ వేరే సంఖ్య వస్తుందట?

ఇంగ్లండ్‌లోని రోల్‌రైట్ వలయం గురించి ఆ మాట పాతది. నిజంగానే తేడా వస్తుంది. అరిగి, విరిగి, రంధ్రాలు పడ్డ రాళ్ళు కాబట్టి ఏది ఒక రాయో ఏది రెండో తేల్చడం కష్టం.

రోల్‌రైట్‌లో ఇంకో కథ ఉంది. ఒక రాజునీ సైన్యాన్నీ మంత్రగత్తె రాళ్ళుగా మార్చిందట. కార్నాక్‌లో రోమన్ సైనికుల్ని ఒక సాధువు రాళ్ళు చేశాడట. ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లో 19 రాళ్ళ వలయం ఆదివారం నాట్యం చేసిన అమ్మాయిలట. మనిషి రాయి కావడం మనకేం కొత్త, అహల్య కథ తెలిసినవాళ్ళం. ఎక్కడికి వెళ్ళినా అక్కడి కథ అడగండి. అది కట్టినవాళ్ళ గురించి ఏమీ చెప్పకపోవచ్చు, కానీ ఆ కథ ఉన్నందుకే దున్నేవాళ్ళు భయపడి ఆ రాయి జోలికి వెళ్ళకుండా వదిలేసి ఉంటారు. భయం లేని చోట్ల ఏమైందో చూడండి. స్కాట్లండ్ ఉత్తరాన ఓర్క్నీ దీవుల్లో ఓడిన్ రాయి అని ఒకటుండేది. దానికి ఒక కన్నం, ఆ కన్నంలోంచి చేతులు కలిపి ప్రేమికులు మాట ఇచ్చుకునేవాళ్ళు. జనం తన పొలం తొక్కుతున్నారన్న విసుగుతో 1814 డిసెంబరులో ఒక కౌలుదారు దాన్ని పగలగొట్టించాడు. ఆయన ఆ ప్రాంతానికి కొత్త.

నేను చూసినది నిజంగా పాతదేనని ఎలా తెలుస్తుంది?

ఒక్కోసారి తెలియదు, నిపుణులకి కూడా. స్కాట్లండ్‌లో ఒక పొలంలోని వలయాన్ని వేల ఏళ్ళనాటిదిగా నమోదు చేశారు. 2019లో ఆ పొలం పాత యజమాని వచ్చి, అది 1990లలో నేనే కట్టుకున్నాను అని ఒప్పుకున్నాడు. తప్పు ఒప్పుకున్న అధికారుల్ని నేను మెచ్చుకుంటాను.

కొన్ని గుర్తులు చూడొచ్చు. గొట్టంతో తొలిచినట్టు సన్నని, సూటి రంధ్రపు చారలుంటే అది ఆధునిక పనిముట్ల పని. గేటు కోసం పాతిన రాయికి ఇనుప కొక్కెం దిగిన గుర్తు ఉంటుంది. పశువులు ఒళ్ళు రుద్దుకోవడానికని రైతులు పాతిన రాళ్ళు కూడా ఉన్నాయి. లైకెన్ రాయికి అన్ని వైపులా దట్టంగా, నేల దాకా పరుచుకుని ఉంటే చాలా కాలంగా కదలలేదని అర్థం. పాత పటాల్లో ఆ పొలానికి రాయి పేరు ఉందేమో వెతకండి. పేరు చాలాసార్లు రాయి కన్నా గట్టి సాక్ష్యం.

ఏమేం తీసుకెళ్ళాలి?

నీళ్ళు, తడిసినా పరవాలేదనే బూట్లు, టార్చిలైటు, దిక్సూచి, కాగితం, పెన్సిలు. అడుగు దూరమే కనపడే పొగమంచులో ఫోన్ పటాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఫోటోలు బాగా రావట్లేదు. ఏం చేయాలి?

మనిషిని పక్కన నిలబెట్టండి, అప్పుడే ఎత్తు తెలుస్తుంది. తరవాత మనిషి లేకుండా, దూరంగా జరిగి, నేలా ఆకాశం ఎక్కువ వచ్చేలా తీయండి. డ్రోన్‌కి చాలా చోట్ల అనుమతి ఉండదు, ముందే కనుక్కోండి.

నా సలహా అడిగితే, కెమెరా కన్నా పెన్సిలు మేలు. బొమ్మ వేయడం రాకపోయినా సరే. ఒక రాయి అంచుని గీయడానికి కూర్చుంటే పావుగంట దాన్నే చూడాలి. పై అంచు ఎందుకు అలా ఏటవాలుగా ఉందో, ఎడమ వైపు పెచ్చు ఎక్కడ ఊడిందో అప్పుడు కనబడుతుంది. వెనక కొండ అంచూ రాయి పై అంచూ ఒకే వంపులో ఉన్నాయని నాకు గీస్తుంటేనే తెలిసింది.

పిల్లల్ని తీసుకెళ్తే విసుక్కోరా?

పెద్దవాళ్ళ కన్నా తక్కువే. ముందే ఉపన్యాసం ఇవ్వకుండా, "దీన్ని మీ ముగ్గురే నిలబెట్టాలి, ఎలా?" అని అడగండి. ఒక పొడుగు రాయి, కాస్త తాడు, నాలుగు పుల్లలు చేతికివ్వండి. అదీ స్మారకానికి దూరంగా, వేరే చోట. అక్కడి మట్టి తవ్వకూడదు, అక్కడి గులకరాళ్ళు తీయకూడదు. వాలు గుంట సంగతి చాలామంది పిల్లలు తామే కనిపెడతారు.

మా దగ్గర్లో పేరు లేని చిన్న రాయి ఒకటుంది. దానికేమైనా విలువ ఉందా?

పేరున్న వాటికన్నా దానికే మీ అవసరం ఎక్కువ. కార్నాక్ అంత పేరున్న ఊళ్ళోనే 2023లో మీటరు ఎత్తు కూడా లేని సుమారు 39 రాళ్ళను ఒక దుకాణం కట్టడం కోసం తొలగించేశారు. వాటి ప్రాచీనత మీద తరవాత వాదోపవాదాలు జరిగాయి, కానీ తేల్చుకోవడానికి అక్కడ రాళ్ళు లేవు.

మీ రాయికి ఎత్తు, వెడల్పు, మందం కొలిచి రాసిపెట్టండి. నాలుగు వైపుల నుంచీ ఫోటో, అక్షాంశ రేఖాంశాలు, ఎవరి భూమిలో ఉందో, దాన్ని ఏమని పిలుస్తారో. భూమి వాళ్ళ అనుమతి అడగడం మర్యాదే కాదు, కథ దొరికేది కూడా వాళ్ళ దగ్గరే. ఆ వివరాలు పురావస్తు శాఖకి పంపండి. పక్కకి ఒరిగి ఉంటే మీరే సరిచేయబోకండి. గుంటలో ఉన్న బొగ్గు ముక్కే దాని వయసు చెప్పాలి, ఒక్క గడ్డపార పోటుతో అది పోతుంది. కింద పడిపోయిన రాయినీ అలాగే ఉండనివ్వండి.

ఎంతసేపు ఉండాలి?

నీడ కదలడం కనిపించేదాకా. రాయి నీడ కొసన ఒక పుల్ల గుచ్చి కూర్చోండి. ఇరవై నిమిషాల్లో నీడ పుల్లని వదిలి పక్కకి జరుగుతుంది. వీలైతే ఇంకో కాలంలో అదే వేళకి మళ్ళీ వెళ్ళి, నీడ కొస ఎక్కడ పడుతోందో చూడండి. పుల్ల అక్కడ ఉండదు, మీ కాగితంలో కొలత ఉంటే చాలు.